ఎక్కడికని అడిగినందుకు

విశాఖ నుంచి రాజమండ్రికి కొత్తగా పగటి రైలు వేయాలా వద్దా అన్నది ఆ ఉదయం సర్వే గుమాస్తా గవర్రాజు చేతిలో ఉంది. గోపాలపట్నం బస్టాపులో ప్రయాణికుల్ని అడిగి రెండు వందల ఫారాలు నింపాలి. ఆ రైలు మీద అతను ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. భార్య గౌరీశ్వరి రాజమండ్రిలో నర్సు. పెళ్లయిన ఏడాదిలో ఆమెను ఎనిమిదిసార్లు చూశాడు. అందులో రెండుసార్లు డ్యూటీ దిగొచ్చి నిద్రపోతోంది.

ఫారంలో మొదటి ప్రశ్న "ఎక్కడికి వెళ్తున్నారు?" ఒక్క అక్షరం మార్చకుండా అడగాలని ఆఫీసరు ఆజ్ఞ. గవర్రాజు గొంతు సవరించుకుని, కూరల గంపతో నిలబడ్డ దేముడమ్మను అడిగాడు.

"ఓలమ్మో! బయలెల్లినోల్ని ఎక్కడికని అడుగుతావేటి బాబూ? పని సెడిపోదా! నానింక ఇంటికెల్లి, మంచినీల్లు తాగి, మల్లీ బయలెల్లాల."

గవర్రాజు నిజాయితీగా రాసుకున్నాడు: ఇంటికి.

పెళ్లిచూపులవాళ్లూ, కోర్టు వాయిదావాళ్లూ అదే జవాబు చెప్పారు. ఇల్లు దూరమైనవాళ్లు టీకొట్టులో నీళ్లు తాగి అక్కడే చతికిలబడ్డారు. బస్సెక్కే నాథుడు లేడు. కంగారులో అతను డ్రైవరు పోలిరాజునే అడిగేశాడు.

"బండి తోలేవోణ్ని అడుగుతావేటి బావా!" అని పోలిరాజు ఇంజను ఆపి దిగిపోయాడు.

వెనక నాలుగు బస్సులు, వాటి వెనక లారీలు ఆగాయి. జనం దిగి రోడ్డంతా నిండిపోయారు. గవర్రాజు నోరు తెరుచుకుని చూశాడు. ఒక్క మాటకు ఇంత శక్తి ఉందా!

ఆఫీసరు జీపు కూడా అందులోనే చిక్కుకుంది. ఆయన దిగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"అబ్బో, ఇంత జనమా! వీళ్లంతా ఎక్కడికయ్యా?" అని గట్టిగా అడిగారు.

టీకొట్టులో నీళ్లు తాగి అప్పుడే లేచినవాళ్లందరూ మళ్లీ కూర్చున్నారు.

ఆయన ఫారాలు తిరగేశారు. "అందరూ ఇంటికేనా? ఇంటికెళ్లేవాళ్లకు రైలెందుకు?"

"అందరి ఇళ్లూ ఇక్కడే ఉండవు కదండీ. నాది రాజమండ్రిలో ఉంది" అన్నాడు గవర్రాజు నెమ్మదిగా.

ఆఫీసరు అతని ముఖం చూశారు, జనాన్ని చూశారు. రైలు కావాలని రాసి సంతకం పెట్టారు.

ఏడాది తిరక్కుండా రైలొచ్చింది. మొదటిరోజు గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్లెపూల పొట్లం పట్టుకుని స్టేషనుకు బయలుదేరాడు. ఎదురుగా దేముడమ్మ.

"ఎక్కడికి బాబూ, ఇంత సోకుగా?" అనేసి, నాలుక కరుచుకుంది.

శకునాలు నమ్మనని చెప్పుకుని తిరిగేవాడే. కానీ ఆ రోజు ఆగిపోయిన రోడ్డు కళ్లముందు కదిలింది. గవర్రాజు ఇంటికి తిరిగొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగాడు.

రైలు మాత్రం సరిగ్గా టైముకే వెళ్లిపోయింది.