పెంటయ్య పేరు మీద నలభై ముగ్గురం

ఈ దేశంలో ఏ దరఖాస్తూ లేకుండా ఇంకా చేసుకోగలిగిన పని సంచి సర్దడం ఒక్కటే. (అదీ విమానాశ్రయంలో తూచేదాకా.) 2012 జూన్‌లో మా చెల్లె భాగ్యమ్మ మస్కట్‌లో ఒకరింట్లో వంట పనికి పోతుంటే ఆ సంచి నేనే సర్దాను. కారంపొడి, చింతపండు, నాలుగు చీరలు. అన్నీ మూడుసార్లు తీసి మళ్లీ పెట్టాను.

"గిట్ల తీసుకుంట పెట్టుకుంట కూసుంటే ఇమానం పోతది అక్కా," అంది.

"పోతే పోనీ," అన్నాను.

రెండేళ్ల పని. భాగ్యమ్మ ఫోన్‌లో ఎప్పుడూ "మంచిగనే ఉన్న" అంటుంది. జ్వరమొచ్చినా అదే మాట. ముఖం చూస్తే గాని నేను నమ్మను. ముఖం కనిపించే ఫోన్ నా దగ్గరే ఉండే భాగ్యమ్మ బిడ్డ శిరీషకుంది, నెట్టే లేదు. అందుకే మామిడిపల్లిలో మా వీధి చివర 'సర్వజన ఉచిత నిస్తంత్రీ ద్వారం' వెలిసిననాడు వరుసలో అందరికంటే ముందు నేనే నిలబడ్డాను. (జనం దాన్ని వైఫై అంటారు. శిలాఫలకం మీద ఆ మాట లేదు.)

ఉచితం గనుక నమోదు తప్పనిసరి. నమోదు అధికారి నవీన్‌కుమార్ గారు నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. తండ్రి పేరు, పుట్టుమచ్చలు, ద్వారాన్ని వాడదలచిన ఉద్దేశం. నేను 'చెల్లె ముఖం' అని రాశాను. ఫోన్ నంబరు అన్నచోట మా వాడకట్టు మొత్తం రాసేది ఒకటే: కిరాణా దుకాణం పెంటయ్య నంబరు. కొత్త ఆఫర్ వచ్చినప్పుడల్లా మా సిమ్ములు మారుతుంటాయి. పెంటయ్యది మారదు. గ్యాసుకైనా, బడికైనా అదే ఇస్తాం.

ఆ మధ్యాహ్నం పెంటయ్య ఫోన్‌కు నలభై మూడు రహస్య సంఖ్యలు వచ్చాయి. ఒక్కోదాని ఆయుష్షు పది నిమిషాలు. ఆయన కందిపప్పు తూస్తూ రహస్యాలను గట్టిగా చదివాడు.

"కొండమ్మక్కా, నీది ఏడు, సున్న, నాలుగు... అగో, కాదు, గది మల్లేశ్వర్‌ది!"

నంబరు ఒకటైతే మనిషీ ఒకడే అని ద్వారం తేల్చేసింది. నలభై ముగ్గురమూ పెంటయ్యలమయ్యాం.

"రికార్డు ప్రకారం మీరు పెంటయ్య, పురుషుడు, యాభై రెండేళ్లు," అన్నారు నవీన్‌కుమార్ గారు.

"సారూ, పెంటయ్య గాడ నిలబడ్డడు గద!"

"ఆయన కూడా పెంటయ్యేనండీ. అందులో పొరపాటేమీ లేదు."

నిబంధన ప్రకారం ఏ పెంటయ్య ద్వారం వాడినా అసలు పెంటయ్య పక్కన కూర్చోవాలి. ఆయన దుకాణం బందు పెట్టి వచ్చి కూర్చునేవాడు. పాపం, మనిషి మంచివాడు.

అయినా నా పని కాలేదు. భాగ్యమ్మకు సెలవు శుక్రవారం సాయంత్రమే. ఆమె పని తెమిలేసరికి ఇక్కడ ఐదున్నర. ద్వారానికి ఐదింటికే తాళం. (ద్వారమన్నాక తాళం ఉంటుంది.) శుక్రవారాలు ఒక్క గంట పొడిగించమని దరఖాస్తు పెట్టాను. కొండమ్మ అనే వ్యక్తి లేదని వాపసు వచ్చింది. పెంటయ్య పేరుతో పెట్టాను. పెంటయ్యకు భాగ్యమ్మ అనే చెల్లెలు లేదని వాపసు వచ్చింది.

పెంటయ్య ఆ వాపసు కాగితం చదివాడు. "ఏంది అక్కా గింత పరేషాన్? భాగ్యమ్మ నా చెల్లె అని రాసిస్త, పా," అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ వారం ఫోన్‌లో చెబితే భాగ్యమ్మ ఒకటే నవ్వు. "ముసలితనంల అన్న దొరికిండు గద అక్కా! పండుగకు చీర పెడ్తడేమో అడుగు." నవ్వు మధ్యలో దగ్గింది. ఏందే అంటే, ఏసీ గాలి అంది.

దరఖాస్తు మీద ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుంది. బంధుత్వం నిజమా కాదా అని పది నెలలు విచారించి, నిజమేనని ఏకగ్రీవంగా నిర్ణయించింది. పెంటయ్య తన చెల్లెలి ముఖం చూసుకునేందుకు ప్రతి శుక్రవారం ఆరింటిదాకా ద్వారం తెరిచి ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. అది 2013 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పటికీ అమల్లోనే ఉంది.

భాగ్యమ్మ మస్కట్ నుంచి తిరిగి రాలేదు. 2013 అక్టోబరు 27న అక్కడి దవాఖానలో పోయింది.