ఒక పాలు పచ్చి, రెండు పాళ్ళు ఎండు

నిజానికి అది గంటన్నర పని. పెరటి గోడ వారగా పోసి ఉన్న కొమ్మల్నీ రెమ్మల్నీ కోసి పడేసిన గడ్డినీ అద్దెకు తెచ్చిన ష్రెడర్ మిషన్‌లో వేసి ముక్కలు చేయాలి, ఆ ముక్కల్ని కంపోస్టు కుప్పగా పోయాలి, పైన ఒక గోనెపట్టా కప్పాలి. అంతే. ఎవరికి అప్పగించినా పది గంటలకల్లా చేతులు కడుక్కుని కూర్చునేవాళ్ళు. ఖర్మ కాలి, దాన్ని కాంపౌండరుగారికి అప్పగించారు.

కాంపౌండరుగారు ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళలో ఏ సీసాలోనూ ఒక చుక్క ఎక్కువ పోయలేదు, ఒక చుక్క తక్కువ పోయలేదు. ఈ మాట ఆయనే చెబుతారు, రోజుకు రెండు పూటలా, భోజనం తర్వాత. టీలో పంచదారను కూడా చెంచా అంచు దాకా వేలితో చదును చేసి మరీ వేసుకుంటారు. కొలత అన్న మాట చెవిన పడిందంటే ఇక ఆయనకు లోకం కనబడదు.

ఆయన భార్యకు మాత్రం అది మామూలు రోజు కాదు. ఊళ్ళోని తోటల సంఘం ఏటా ఒక క్యాలెండరు వేస్తుంది, నెలకొక తోట ఫొటోతో. ఆరేళ్ళుగా ఆవిడ దరఖాస్తు పెడుతూనే ఉంది, ఆరేళ్ళుగా ఎవరో ఒకరు ఆ పేజీని తన్నుకుపోతూనే ఉన్నారు. ఈసారి ఎట్టకేలకు ఆఖరి జాబితాలో ఆవిడ తోట నిలిచింది. జూలై పేజీ ఖాళీగా ఉందట. సాయంత్రం నాలుగింటికి సంఘం అధ్యక్షురాలు ఫొటోగ్రాఫర్‌ని తీసుకుని వస్తానంది.

"ఏవండీ, నేను అక్కావాళ్ళింటికెళ్ళి ఆ పెద్ద పూలకుండీ తీసుకుని, అట్నుంచటే వాళ్ళని వెంటబెట్టుకొస్తాను. మీరు ఆ చెత్త ఒక్కటి చూడండి. ఇంకేమీ ముట్టుకోకండి."

"నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడైతే నాకీ భయం ఉండేది కాదు," అని, వరండాలో పడక్కుర్చీలో పేపర్లోని పజిల్ నింపుతున్న తల్లితో, "అమ్మా, కాస్త ఓ కన్నేసి ఉంచు," అని చెప్పి వెళ్ళింది.

తొమ్మిదిన్నరకే కొమ్మలన్నీ ముక్కలైపోయాయి. అక్కడితో ఆపి ఉంటే ఎవరికీ ఏ బాధా లేదు. కానీ ఆ మిషన్‌తో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చి చచ్చారు. మూడో పేజీలో ఉంది: 'పచ్చి చెత్త ఒక పాలు, ఎండు చెత్త రెండు పాళ్ళు. పాళ్ళు తప్పితే కుళ్ళి కంపు కొడుతుంది.'

పాళ్ళు! కాంపౌండరుగారి వెన్ను నిటారైంది. లోపలికెళ్ళి బరువు చూసుకునే కాటా తెచ్చారు. ముక్కల బస్తా ఎత్తుకుని కాటా ఎక్కి, అందులోంచి తన బరువు తీసేసి, చీటీ మీద రాసుకున్నారు. పచ్చిది నలభై కిలోలు. ఎండుది పన్నెండు.

"అత్తయ్యగారూ, అరవై ఎనిమిది కిలోల ఎండు తక్కువైంది."

"ఎవరికి?"

"కుప్పకి."

"కుప్పేమైనా అడిగిందా నాయనా?" అన్నారు అత్తగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

ఆవిడ మాత్ర వేసుకోడానికి లోపలికెళ్ళి వచ్చేలోగా మెట్ల కింద పదకొండేళ్ళుగా దాచుకున్న పాత పేపర్లు మిషన్‌లోకి వెళ్ళిపోయాయి. ముప్పై కిలోలు. సగం పజిళ్ళు ఇంకా నింపాల్సినవే. ఆవిడ లబోదిబోమన్నారు. ఆయన వినలేదు. అటక మీది అట్టపెట్టెలు, కాలు విరిగిన స్టూలు, చీపురు కర్ర కలిపి మరో పద్దెనిమిది అయ్యాయి. ఇంకా ఇరవై లోటు.

అప్పుడాయన చూపు టమాటా మొక్కలకు ఆనించిన కర్రల మీద పడింది. చిక్కుడు తీగ పాకిన చట్రం మీదా పడింది. బాగా ఎండిన కర్ర, బంగారంలాంటి సరుకు. ముట్టుకోవద్దన్నది మొక్కల్ని కదా, కర్రల్ని కాదే అనుకున్నారు. అన్నీ ఊడబెరికి మిషన్‌లో వేశారు. నలభైకి ఎనభై, సరిగ్గా సరిపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగేసరికి టమాటా మొక్కలన్నీ నేల మీద పడుకుని ఉన్నాయి. చిక్కుడు తీగ ఉండచుట్టుకుపోయింది.

వాటిని నిలబెట్టాలంటే కర్రలు కావాలి. కర్రలేమో పొట్టయిపోయాయి. ఫొటో తీసే వేళకు తోటలో ఇలా పడిపోయిన మొక్కలుంటే ఆవిడ పరువేం కాను? తీసేయడమే మర్యాద. తీసేశారు. ముప్పై అయిదు కిలోల పచ్చి మొక్కలు. ఇప్పుడు ఎండు మళ్ళీ డెబ్భై కిలోలు తక్కువ.

"ఏంటి కాంపౌండరుగారూ, పొద్దుట్నుంచీ ఆ మోత?" పక్కింటి వడ్రంగి మేస్త్రి మొక్కల కంచె మీదుగా తల పెట్టాడు.

"ఎండు కావాలి మేస్త్రీ. సరిగ్గా డెబ్భై కిలోలు."

"ఓస్, అంతేనా? షెడ్డులో రంపపు పొట్టు కొండలా పడుంది. ఎవరు పట్టుకెళ్తారా అని నేనే చూస్తున్నా."

మేస్త్రి మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. కాంపౌండరుగారు కాటా సర్దుకునేలోగా ఎనిమిది బస్తాలు తెచ్చి కుప్ప మీద బోర్లించేశాడు.

"ఆగు మేస్త్రీ! తూచాలి!"

"మన మధ్య తూకాలేంటండీ!" అని నొచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఖాళీ బస్తాలో మళ్ళీ నింపి తూచి, ఎనిమిదితో హెచ్చవేస్తే నూట డెబ్భై వచ్చింది. ఎండు మొత్తం రెండు వందల యాభై. దానికి పచ్చిది నూట ఇరవై అయిదు కావాలి. చేతిలో ఉన్నది డెబ్భై అయిదు.

"ఎక్కువైన పొట్టు ఎత్తి పక్కన పోస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమేంటి?" అన్నారు అత్తగారు.

"కలిసిపోయిన మందులోంచి ఒక్క మందునే వెనక్కి తీయడం ఎవరి తరం కాదు అత్తయ్యగారూ."

"కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మీలాంటి కాంపౌండర్ని చూసే అనుంటారు."

ఆ మాట కూడా మిషన్ మోతలో కలిసిపోయింది. ఆయన అప్పటికే మొక్కల కంచె దగ్గరున్నారు. పైన జానెడు కత్తిరించారు. ఎడమవైపు ఎక్కువ తెగినట్టనిపించి కుడివైపు సరిచేశారు. కుడివైపు మరీ కిందికొచ్చేసరికి మళ్ళీ ఎడమవైపు వెళ్ళారు. రెండు గంటలయ్యేసరికి కంచె మోకాలి ఎత్తుకు దిగింది. అవతల మేస్త్రి బనీను, లుంగీతో పెరట్లో అన్నం తింటూ అందరికీ కనబడుతున్నాడు.

"పొట్టిచ్చిన పాపానికి నన్ను వీధిలో కూర్చోబెట్టారు కదండీ!" అని కంచం పట్టుకుని లోపలికి పోయాడు.

ఇక మోకాలి ఎత్తు కంచె ఎవరికి లాభం? మొదలంటా నరికేశారు. తూచారు. తొమ్మిది కిలోలు లోటు.

తోటలో మిగిలింది గులాబీలు. అత్తగారు ఊతకర్ర తీసుకుని వాటి ముందు నిలబడ్డారు.

"ఇవి దాని ప్రాణం. వీటి జోలికొస్తే మర్యాదగా ఉండదు, చెబుతున్నా!"

"పూలు ముట్టనండీ. నాలుగు ఆకులు, అంతే."

ఆకులు కిలో కూడా తూగలేదు. ఆకుల్లేని గులాబీలు చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి. అత్తగారు తల కొట్టుకుంటూ కుర్చీలో కూలబడ్డారు. కొమ్మలూ వెళ్ళాయి. ఆఖర్న తూస్తే వంద గ్రాములు ఎక్కువ వచ్చింది. అందుకని ఒక్క గులాబీ కొమ్మ తీసి పక్కన పెట్టారు.

నాలుగుకు పది నిమిషాలు. కుప్ప కలిపి, నీళ్ళు చల్లి, మిషన్ కట్టేసి, కాంపౌండరుగారు పొద్దుటి నుంచి మొదటిసారి తలెత్తి చుట్టూ చూశారు. గోడ నుంచి గోడ దాకా ఉత్త మట్టి. మధ్యలో నడుమెత్తు కుప్ప.

"అత్తయ్యగారూ, ఇప్పుడేం చేద్దాం?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా, ఒక్క ఆకైనా మిగిల్చారా మీరు?"

గేటు చప్పుడైంది. ముందు భార్య, రెండు చేతులా పూలకుండీ మోస్తూ. వెనక అధ్యక్షురాలు, ఫొటోగ్రాఫర్. భార్య రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వెళ్ళి గేటు మీది ఇంటి నంబరు చూసి మళ్ళీ వచ్చింది.

"ఏవండీ... తోటేదీ?"

"అదిగో," అని కుప్పను చూపించారాయన. "మొత్తం అందులోనే ఉంది. ఒక్క గ్రాము కూడా పోలేదు."

"ఆరేళ్ళండీ..." అంది ఆవిడ. కుండీ దింపి దాని అంచు మీదే కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంపౌండరుగారికి ఆ క్షణంలో తనే మిషన్‌లో దూకాలనిపించింది.

అధ్యక్షురాలు మాత్రం కుప్ప దగ్గరికి వెళ్ళింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు తీసి, పిండి, వాసన చూసింది.

"పాళ్ళెంత?"

"నూట ఇరవై అయిదుకి రెండు వందల యాభై. తేడా వస్తే నా పేరు మార్చండి."

అధ్యక్షురాలి కళ్ళు చెమర్చాయి. "పాళ్ళు, పాళ్ళు అని ఇరవై ఏళ్ళుగా సంఘంలో నెత్తీ నోరూ బాదుకుంటున్నానండీ. ఒక్కరు విన్నారా? పూలదేముంది, ఎవరైనా పూయిస్తారు! బాబూ, ఫొటో తియ్యి!"

"మరి నేనో?" అంది భార్య లేచి నిలబడి.

"అయ్యో, మీరూ రండమ్మా. అలా పక్కకి."

క్యాలెండరు వచ్చింది. జూలై పేజీ నిండా కుప్ప. దాని ముందు కాటాను పందెంలో గెలిచిన కప్పులా రెండు చేతులా ఎత్తి పట్టుకున్న కాంపౌండరుగారు. కుడి అంచున సగం కుండీ, ఒక మోచెయ్యి. ఆయన టేపుతో హాలు గోడకు సరిగ్గా నడిమధ్య కొలిచి దాన్ని తగిలించారు. భార్య ఆర్నెల్లు దాని ముందు నుంచే అటూ ఇటూ తిరిగింది.

జూన్ నెల అయిపోయిన మర్నాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి క్యాలెండరు పేజీ తిప్పారు. ఇంకోసారి తిప్పి చూశారు. అత్తగారి వైపు చూశారు.

ఆవిడ పజిల్ మీంచి తలెత్తలేదు. "కుప్పకి ఒక కాగితమంత ఎండు తక్కువైందట అల్లుడుగారూ. మా అమ్మాయే తూచి చూసింది."

ఆ ఏడాది ఆ ఇంట్లో జూన్ ముప్పై తర్వాత ఆగస్టు ఒకటి వచ్చింది.