నూటపది శాతం గణితశాఖ

"రెండువేల ఇరవై నాటికి ప్రపంచానికి కావలసిన గణితంలో సగం మన కొండాపూర్‌లోనే తయారు కావాల!"

వైస్ ఛాన్సలర్ గోవిందప్పగారు ఈ మాట అనగానే సెనేట్ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మిగతా సగం ఎవరు తయారు చేస్తారని ఎవరూ అడగలేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచి ఏడాది కాలేదు. దాని మెరుపు తగిలి ఊళ్లో ప్రతివాళ్లకీ విజన్ వచ్చేసింది. భాస్కర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి విజన్ ఉంది, తెలుగుశాఖకి విజన్ ఉంది, ఆఖరికి క్యాంటీన్‌కి కూడా ఉంది. ఇరవై ఏళ్లలో చట్నీని అంతర్జాతీయ ప్రమాణాలకు తీసుకెళ్తారట! విజన్ లేనిదల్లా గణితశాఖకే.

శాఖాధిపతి సోమేశ్వరరావుగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆయనది భీమవరం. ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నారు. మైనస్ గుర్తు మరిచిపోయిన కుర్రాడికి అర మార్కు కోసి, వాళ్ల నాన్న వచ్చి బతిమాలినా తిరిగి ఇవ్వని మనిషి. అలాంటాయన ఒక మధ్యాహ్నమంతా కూర్చుని అరపేజీ విజన్ రాశారు. ఇద్దరు లెక్చరర్లు కావాలి. ఆగిపోయిన పరిశోధన పత్రికలు మళ్లీ తెప్పించాలి. మూడో నంబరు గదిలో వాన పడితే నల్లబల్ల మీద రాసింది దానంతటదే చెరిగిపోతోంది కాబట్టి కప్పు బాగుచేయించాలి.

గోవిందప్పగారు చదివి కళ్లజోడు తీశారు.

"ఏం రావుగారూ, ఇది విజనా, ఇండెంటా?"

"అవసరాలండీ..."

"అవసరాలు ఎవరికి లేవప్పా! దార్శనికత ఉండాల. సరే, కన్సల్టెంట్‌ని పంపిస్తా. ఆ పిల్లోడు చెప్పినట్టు చెయ్యండి. ఇంకో మాట. గణిత ఉత్కర్ష కేంద్రం అని ఒకటి పెడుతుండాం. దానికి డైరెక్టర్ కావాల. మీ పేరు నా మనసులో ఉంది."

సోమేశ్వరరావుగారు గది బయటికి వచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది. డైరెక్టర్! అందులో ఉత్కర్ష కూడా!

మర్నాడే కన్సల్టెంట్ దిగాడు. పేరు దినేష్. పాతికేళ్లుంటాయి. మెడలో టై, చేతిలో ల్యాప్‌టాప్. సుద్దపొడి అంటకుండా కుర్చీని మూడుసార్లు రుమాలుతో తుడిచి కూర్చున్నాడు.

"సర్, ముందు బేసిక్స్. మీ కస్టమర్ ఎవరు? మీ ప్రొడక్ట్ ఏంటి?"

సోమేశ్వరరావుగారు గొంతు సవరించుకునేలోపే పక్కనే ఉన్న రత్నమాలగారు జవాబిచ్చారు. ఆవిడ సంఖ్యా సిద్ధాంతం, అంటే నంబర్ థియరీ, చెబుతారు. శాఖలో ఇంకా నిజంగా లెక్కలు చేసేది ఆవిడొక్కరేనని పిల్లలు చెప్పుకుంటారు.

"సిద్ధాంతాలండీ."

"వెరీ గుడ్! ఏడాదికి ఎన్ని?"

"నావైతే పదకొండేళ్లలో ఒకటిన్నర."

"ఆ అర ఏంటి మేడమ్?"

"నిరూపణలో తప్పు దొరికింది. సరిచేస్తున్నాను."

దినేష్ టకటకా కొట్టుకున్నాడు. ప్రస్తుత ఉత్పత్తి: ఒకటిన్నర. రెండువేల ఇరవై లక్ష్యం: ఏడాదికి నలభై. అంతటితో ఆగకుండా, ప్రపంచంలో తేలని సమస్యలను సగానికి తగ్గించాలని కూడా చేర్చాడు. సంఖ్యా సిద్ధాంతం కోర్సుకి మార్కెట్ లేదు కనుక ఎత్తేయాలన్నాడు. రత్నమాలగారు ఏదో అనబోయి, సోమేశ్వరరావుగారి వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూశారు.

వారం తిరిగేసరికి ప్రణాళిక సిద్ధం. అరవై పేజీలు! మొదటి పేజీలోనే రంగురంగుల వృత్తం. రాబోయే ఇరవై ఏళ్లు శాఖ తన సమయాన్ని ఎలా పంచుకోవాలో అందులో ఉంది. పరిశ్రమతో అనుసంధానం ముప్పై అయిదు శాతం, నాయకత్వ వికాసం ముప్పై, బోధన ఇరవై అయిదు, పరిశోధన ఇరవై.

"ఇవి కలిపితే నూటపది వస్తోందండీ" అన్నారు రత్నమాలగారు.

దినేష్ చిరునవ్వు నవ్వాడు.

"మేడమ్, ఇది సాఫ్ట్‌వేర్ గీసింది. కంప్యూటర్‌కి కూడిక రాదంటారా?"

సోమేశ్వరరావుగారికి ఆ నూటపది చూడగానే కనిపించింది. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతోంది. కానీ దాని వెనకాలే డైరెక్టర్ కుర్చీ కూడా కనిపించింది.

"రత్నమాలగారూ, ప్రతిదాన్నీ నెగటివ్‌గా చూడకండి" అన్నారు.

"నెగటివ్ ఎక్కడండీ? పది ఎక్కువుంది. పాజిటివే!"

ఆ సాయంత్రమే ఆవిడ పేరు శాఖ వేసుకున్న ప్రణాళికా సంఘం నుంచి కొట్టేశారు. కారణం: సహకార దృక్పథ లోపం. సంతకం: సోమేశ్వరరావు. సంతకం పెట్టాక ఆయన ఖాళీ క్లాసు గదిలోకెళ్లి నల్లబల్ల మీద ఆ నాలుగు అంకెలూ పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడారు. తలుపు వేయడానికొచ్చిన అటెండరు నర్సింహ నిలబడి చూశాడు.

"ఏంది సార్, గంతసేపు కూడుతున్నరు? నూటపదే గద!"

"ఎవరితోనూ అనకు నర్సింహా."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నన్నెవరడుగుతరు!"

ప్రణాళికను మాదాపూర్‌లో ఒక చల్లటి హాల్లో ఆవిష్కరించారు. ముందు వరసలో సచివాలయం నుంచి వచ్చిన పెద్ద అధికారి ఉదయ్ భాస్కర్ కూర్చున్నారు. తెర మీద రంగుల వృత్తం పడగానే ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి చెయ్యెత్తారు.

"మొత్తం నూటపది వచ్చినట్టుందే?"

దినేష్ టై సరిచేసుకున్నాడు. గోవిందప్పగారు సోమేశ్వరరావుగారి వైపు చూశారు. ఆ చూపులో కుర్చీ అటూ ఇటూ ఊగింది. సోమేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. తర్వాత జరిగింది ఆయన నోరు చేసిందే గానీ ఆయన చేసింది కాదని ఇంట్లో ఆడవాళ్లకి చెప్పుకున్నారు.

"సార్, నూరు అనేది పాత గణితం పెట్టిన హద్దు. వలస పాలన నాటి హద్దు! మా శాఖ ఆ హద్దును అధిగమిస్తోంది. పైన ఉన్న పది శాతమే సార్, విజన్!"

హాలు మారుమోగింది. అడిగినందుకు సిగ్గుపడ్డ ఉదయ్ భాస్కర్‌గారు అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు. సోమేశ్వరరావుగారు దండ వేయించుకుని కూర్చున్నారు. దండ బరువుగా ఉంది. ముప్పై ఏళ్ల పాఠం గొంతులో ఎక్కడో అడ్డం పడింది. బాదం పాలు ఇచ్చారు, దిగిపోయింది.

నిధుల కోసం ఢిల్లీకి పంపిన ప్రణాళిక రెండు నెలలకు తిరిగొచ్చింది. అక్కడ చప్పట్లు కొట్టడం అలవాటు లేని గుమాస్తా ఒకడు మొదటి పేజీలో పెన్సిలుతో రెండు మాటలు రాశాడు: "కూడిక తప్పు."

గోవిందప్పగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "లెక్కల శాఖకి లెక్క రాదా? నా పరువేం కావాల?" అని విచారణ వేయించారు. గీసింది సాఫ్ట్‌వేర్ కనుక దినేష్ తప్పు లేదని తేలింది. అధ్యక్షత వహించారే గానీ చదవలేదు కనుక గోవిందప్పగారి తప్పూ లేదు. ప్రణాళిక మీద సంతకాలు పెట్టిన సంఘం వాళ్లు దొరికారు. ఉత్కర్ష కేంద్రం మూలబడింది. ప్రణాళికా సంఘంలోని ఆచార్యులంతా పది రోజులు ప్రాథమిక సంఖ్యా నైపుణ్యాల్లో శిక్షణ పొందాలని ఉత్తర్వు వచ్చింది. శిక్షకుడు దినేష్!

రత్నమాలగారు సంఘంలో లేరు కనుక ఆవిడకి శిక్షణ తప్పింది. ప్రణాళికే చెల్లకుండా పోయింది కనుక సంఖ్యా సిద్ధాంతాన్ని ఎత్తేయమని చెప్పేవాళ్లూ లేకపోయారు. ఆ పది రోజులూ శాఖలో క్లాసులన్నీ ఆవిడే చెప్పారు.

సోమేశ్వరరావుగారు మొదటి రోజు వెనక వరసలో తల దించుకుని కూర్చున్నారు. దినేష్ కాలమ్ కింద మౌస్ పెట్టి "ఇక్కడ నొక్కితే మొత్తం వస్తుంది సర్" అంటుంటే చెవులు వేడెక్కాయి. ఆఖరి రోజు సర్టిఫికెట్ ఇస్తే తీసుకోకూడదని గట్టిగా అనుకున్నారు. ఆ నిశ్చయం ఆఖరి రోజు దాకా నిలిచింది. వేదిక మీద గోవిందప్పగారు, పక్కన విలేకరులు, కెమెరా. పేరు పిలిచారు. "గణితంలో ఆధునిక శిక్షణ పొందిన తొలి శాఖాధిపతి!" అన్నారు. సోమేశ్వరరావుగారు చొక్కా సర్దుకుని గబగబా మెట్లెక్కారు. రెండు ముక్కలు మాట్లాడమంటే పావుగంట మాట్లాడారు.

మర్నాడు నర్సింహ శాఖాధిపతి గదిలో స్టూలెక్కి మేకు పట్టుకున్నాడు. కింద సోమేశ్వరరావుగారు అద్దం వేయించిన పటం రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"ఏం రాసుంది సార్ అండ్ల?"

"నాకు కూడికలు వచ్చని."

నర్సింహ సుత్తి ఆపాడు. "మరి ఇన్నేండ్లు..."

"మాట్లాడకుండా కొట్టు. ఇంకాస్త పైకి. గుమ్మంలోంచి కనిపించాలి."