దర్జీ వణుకుపై కుటుంబ విచారణ

దర్జీ కుడిచెయ్యి ఎందుకు వణుకుతోందో తేల్చడానికి ఆదివారం పొద్దున అతని ఇంట్లోనే కుటుంబ విచారణ సంఘం సమావేశమైంది. అధ్యక్షులు దర్జీ బాబాయిగారు. ఆయన్ను ఎవరూ ఎన్నుకోలేదు. ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో ఆయన ముందే కూర్చున్నారు.

దర్జీ తన చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. గుండీలన్నీ పెట్టుకుంటేగానీ దేవుడి ముందు నిలబడడు, అదీ అతని నియమం. దేవుడు పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడు. భార్య సాయం పట్టేదే, కానీ సంఘానికి టీ కాస్తోంది.

మొన్నటిదాకా నేరం ఆ భార్యమీదే ఉండేది. కూరలో నూనె, మాటలో కారం ఎక్కువని తేలింది. ఇంతలో ఆసుపత్రిలో డాక్టరమ్మ దర్జీకీ, తోడెళ్లిన బాబాయిగారికీ కొత్త సంగతి చెప్పింది. ఒంట్లోని కణాల్లో మైటోకాండ్రియా అనే బుల్లిబుల్లి పొయ్యిలుంటాయట. అవి మండితేనే కణానికి సత్తువ. మెదడుకి ఆ సత్తువ మరీ ఎక్కువ కావాలి. పొయ్యిలు చల్లారితే అక్కడి కణాలు చచ్చిపోతాయి, చెయ్యి వణుకుతుంది.

"ఇవి మనకి తల్లి నుంచే వస్తాయండీ," అందామె.

బాబాయిగారు అంతటితో లేచి వచ్చేశారు. "అలాగని జబ్బు తల్లివల్లే వచ్చిందని కాదు" అన్న ముక్క దర్జీ ఒక్కడే విన్నాడు. అతన్ని ఎవరూ సాక్షిగా పిలవలేదు.

"కత్తిరింపు మా అన్నయ్య పోలిక. కుట్టు మా నాన్న పోలిక. వణుకు మాత్రం..." బాబాయిగారు గోడవారన కూర్చున్న దర్జీ తల్లి వైపు చూసి, మర్యాదకొద్దీ ఆగారు. "మొత్తానికి మన వంశానికి మచ్చ లేదు!"

"అవునయ్యా," అంది ముసలావిడ. "మీరిచ్చినవన్నీ చెక్కుచెదర్లేదు. నేనిచ్చినవే అరిగిపోయాయి. అరవై ఏళ్లు రాత్రీపగలూ మండాయిగా మరి."

దర్జీకి ఓ సందేహం వచ్చింది. దేవుడు అన్నీ తెలిసినవాడే, కానీ ఈ పొయ్యిల పని తల్లికొక్కదానికే ఎందుకు అప్పగించాడో? నిందకి చిరునామా ఒకటే ఉంటే సులువనా?

ముసలావిడ లేచి వచ్చింది. "ఇటు తిరగరా," అని కొడుకు గుండీలు కిందనుంచి పైదాకా పెట్టింది. ఆ చెయ్యి రవ్వంత కూడా వణకలేదు.

"చూశారా!" బాబాయిగారు టీ గ్లాసు పైకెత్తారు. "తప్పు తనదేనని ఒప్పేసుకుంది."

సంఘం ఏకగ్రీవంగా తలలూపింది. ఆ తలలూపే సత్తువ ఎవరిచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు.