గైరుహాజరు లేని బడి

జిల్లాలోని బడులన్నిటికీ నెలనెలా ర్యాంకులు ఇవ్వాలన్న పాఠశాలల పోలిక విభాగం నిర్ణయాన్ని విజ్ఞులందరూ హర్షించారు. నగరంలో నాలుగంతస్తుల బడికీ, కోడుమూరు అవతల పైకప్పు కురిసే రాళ్లకొట్టాల బడికీ ఒకటే కొలత. సమానత్వమంటే అదీ! ఉగాది నాటికి అట్టడుగున ఉన్న బడిని ఎత్తేసి, దూరంలో ఉన్న మరో బడిలో కలిపేస్తారు.

మొదటి నెల అట్టడుగు స్థానం రాళ్లకొట్టాలకే దక్కింది. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ శివజ్యోతి, బడి ఎత్తేస్తే ఎవరెవరు మిగులుతారో లెక్కేసుకుంది. ఏడు కిలోమీటర్లు నడిచి చదువుకోమంటే ఊళ్లో ఆడపిల్లలు మానేస్తారు. అందరికంటే ముందు తొమ్మిదో తరగతి శివాని మానేస్తుంది. లెక్కల్లో ఆ పిల్లను అందుకోవడం టీచర్ల వల్ల కూడా కాదు.

రహస్యం తెలుసుకుందామని శివజ్యోతి మొదటి ర్యాంకు బడికి వెళ్లింది. అక్కడున్నది ఒకే ఒక్క విద్యార్థిని. ఆమె వస్తే హాజరు నూటికి నూరు, పాసైతే ఫలితం నూటికి నూరు. జలుబు చేస్తే ముగ్గురు టీచర్లూ ఇంటికెళ్లి హాజరు వేసి వస్తారు.

రాళ్లకొట్టాలలో నూట నలభై ముగ్గురు. వానలు మొహం చాటేస్తే సగం ఊరు సుగ్గికి, అంటే మిరప కోతలకు, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు బండెక్కుతుంది. శివజ్యోతికి జ్ఞానోదయమైంది. లోపం బడిలో లేదు, పిల్లల్లో ఉంది!

సుగ్గికి పోయినవాళ్ల పేర్లు కొట్టేసింది. హాజరు గంతులేసింది. ఎక్కాలు రానివాళ్లకు టీసీలిచ్చి, "ర్యాంకు వచ్చినాక మళ్లా రాండప్పా" అని సాగనంపింది. చివరికి శివాని ఒక్కతే మిగిలింది. రెండో ర్యాంకు వచ్చింది. అప్పుడొచ్చింది శివాని తల్లి సోమక్క.

"మేమూ సుగ్గికి పోతాండాం మేడమ్. పిల్లని ఈడ ఎవరి దగ్గర ఇడిసేది? సీటు భద్రంగా పెట్టు, ఉగాదికి వస్తాం."

"సీటు యాడికీ పోదక్కా. ఈ బడి నీ బిడ్డ కోసమే నిలబెడతాండా!"

ఆ పేరూ కొట్టేసి శివజ్యోతి కాసేపు ఏడ్చింది. నెలాఖరున కంప్యూటరు లెక్క తేల్చింది. గైరుహాజరు సున్నా, తప్పినవారు సున్నా. మొదటి ర్యాంకు!

పోలిక విభాగాధిపతి వీరభద్రగారు స్వయంగా విచ్చేసి శాలువా కప్పారు. "ఒక్క గొంతు పైకి లేవదు! ఒక్క కాగితం ముక్క నేల మీద పడదు! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత క్రమశిక్షణ నేను చూడలేదు!" అన్నారు. ఖాళీ బెంచీలు ఆయన మాటకు అడ్డు చెప్పలేదు.

పేపర్లో వార్త చూసి తల్లిదండ్రులు కర్నూలు నుంచే కాదు, కడప నుంచి కూడా కార్లేసుకుని వచ్చారు. "పిల్లలేరీ?" అని ఒక్కరూ అడగలేదు, ర్యాంకెంతని అందరూ అడిగారు. వాళ్ల పిల్లలను చేర్చుకోమని పైనుంచి ఫోన్లు మోగాయి. వారంలో బెంచీలన్నీ నిండిపోయాయి.

ఉగాదికి శివాని వచ్చింది. మిరప ఘాటుకు వేళ్లింకా మండుతున్నాయి. శివజ్యోతి గేటు దాకా పరుగెత్తింది గానీ, తల్లిదండ్రుల సంఘం అడ్డం నిలబడింది.

"సుగ్గికి పోయే పిల్లనా? మా పిల్లోళ్ల ర్యాంకు ఏం గావాల మేడమ్?"

లోపల బోర్డు మీద లెక్క ఎవరికీ తెగడం లేదు. శివాని గేటు బయట నుంచే జవాబు చెప్పింది. లోపలివాళ్లు గబగబా రాసుకున్నారు.

ఆ నెల కూడా మొదటి ర్యాంకు మన పిల్లలదేనని సంఘం చాటుకుంది.