నలభై ఎనిమిది ముక్కల వాచకం

పిల్లలకు చదవడం రావాలని పట్టుబట్టేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఈ కాలంలో కూడా అక్షరాలా? గుణింతాలు గుర్తుపెట్టుకుని, ఒత్తులు చూసుకుని, నోరు తిప్పుకుని, పైగా అర్థం కూడా చేసుకోవాలా? ఒక బొమ్మను ముక్కలు చేసి తెర మీద పడేయండి. పిల్లలు వేలితో జరిపి మళ్లీ బొమ్మ చేస్తారు. తెర మీద రంగు కాగితాలు రాలతాయి, చప్పట్లు మోగుతాయి. చదువు పూర్తి!

ఈ జ్ఞానం నాకు మదనపల్లెలో కలిగింది. ఆన్‌లైన్ పజిల్‌తో పాఠం ఎలా చెప్పాలో మాకు అక్కడ రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. టమోటా మార్కెట్టుకు కూతవేటు దూరంలో, ఫ్యాన్ల కింద కూర్చుని, నలభై మంది ఉపాధ్యాయులం ఇరవై నాలుగు ముక్కల టమోటాను అతికించాం. బయట లారీల నిండా టమోటాలు ఎండకు మెత్తబడుతున్నాయి. వాటి వాసన హాల్లోకి వస్తోంది. అయినా మాలో ఒక్కరి దృష్టీ చెదరలేదు. తొడిమ ముక్క దొరకగానే వెనక వరుసలోని పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. ఆయనది పదెకరాల టమోటా తోట!

అప్పటి నుంచి మా పుంగనూరు బడిలో విజ్ఞానం వెల్లివిరుస్తోంది. గుర్రంకొండ కోటను మా పిల్లలు తొంభై సెకన్లలో కట్టేశారు. బస్సు మాట్లాడే పని లేదు, పులిహోర పొట్లాలు లేవు, కొండెక్కి మోకాళ్లు దోక్కుపోయే బాధ లేదు. తెల్లవారుజామునే పాలు పితికి, పాల కేంద్రంలో పోసి వచ్చే రోజా అనే పిల్ల, తెర మీద విదేశీ ఆవును అతికించి, ఆవు పాలిచ్చే జంతువని కొత్తగా తెలుసుకుంది. నెట్ ఆగిపోతే? అదీ మంచికే! తెర మధ్యలో తిరిగే చిన్న సున్నాను చూస్తూ ముప్పై ఆరుగురు పిల్లలు పావుగంట కదలకుండా కూర్చుంటారు. ఏ యోగా గురువు సాధించాడండీ ఇంత?

ఈ పజిల్ నడిచేది ఏడో తరగతి తెలుగు గంటలో. జులై దాకా ఆ గంట తహసీన్ టీచర్‌ది. జులైలో ఆమె చనిపోయారు. ఆమె నా భార్య. ఇక్కడ ఇంతకంటే రాయవలసింది లేదు. బడి విషయంలో మాత్రం పైవాళ్ల చురుకుదనాన్ని మెచ్చుకోవాలి. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కంటే ముందే తెర వచ్చేసింది!

తెర ఎంత మేలో మీరే చెప్పండి. అది సెలవు అడగదు. దానికి గొంతు నొప్పి రాదు. అన్నం గిన్నె సగంలో మూతపెట్టి, మధ్యాహ్నం అరగంట ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకోదు.

ఆ పిల్ల పేరు జోయా. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. ఆరో తరగతి మొదట్లో తెలుగు అక్షరాలు ముక్కున పట్టేది కాని, వాటిని కలిపితే మాటవుతుందని నమ్మేది కాదు. తహసీన్ టీచర్ ఉర్దూలో నవ్వించి, తెలుగులో చదివించేవారు. ఏడాది తిరిగేసరికి జోయా రెండు లైన్లు కూడబలుక్కుని చదివే దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

ఆగిందంటానేమిటి? ఎగిరింది! ఇప్పుడు మా బడి పజిల్ ఛాంపియన్ జోయానే. నలభై ఎనిమిది ముక్కలు, రెండు నిమిషాల పదకొండు సెకన్లు. యాప్ ఆమె పేరు పక్కన 'పఠన స్థాయి: వజ్రం' అని పెట్టింది. వజ్రాలకు చదువు చెప్పకూడదని నియమం. వెనకబడిన పిల్లల జాబితాలోంచి జోయా పేరు దానంతటదే ఎగిరిపోయింది. ఇక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదివించమని ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు.

కానీ లోకంలో తృప్తి లేనివాళ్లు ఉంటారు. జోయా తల్లి చాంద్ బీ ఆ కోవలోని మనిషి. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. గుడ్డ ఇచ్చినవాళ్లు ఒక చీటీకి రెండు కొసలా తమ పేరు రాస్తారు. దాన్ని రెండుగా చించి ఒక సగం గుడ్డకు గుచ్చుతుంది, రెండో సగం వాళ్ల చేతికిస్తుంది. చాంద్ బీకి చదువు రాదు. జాకెట్టు తీసుకోవడానికి వచ్చినవాళ్ల చీటీని జోయా చూసి, చిరుగుకు చిరుగు కలిపి ఇచ్చేస్తుంది. పజిల్ అలవాటుతో ఆ పని కన్నుమూసి తెరిచేలోగా అయిపోతోంది.

మొన్న కుప్పమ్మ అనే ఆమె తన సగం చీటీ పారేసుకుని వచ్చింది. గుడ్డకు గుచ్చిన పేరు చదవాలి. జోయా చదవలేదు. ఎర్ర జాకెట్లు రెండుంటే, కుప్పమ్మ చీర రంగుకు అతికేదాన్ని చూసి ఇచ్చింది. అది మునీశ్వరి అనే ఇంకొకామెది. మునీశ్వరి కొత్తిమీర కట్టంత మనిషి.

మర్నాడు కుప్పమ్మ, చాంద్ బీ ఇద్దరూ బడికి వచ్చారు.

"సూడండి సార్, మీ వజ్రం పాప నాకు ఎవురి జాకెట్టు ఇచ్చిందో!" అంది కుప్పమ్మ. "పెండ్లికి పొయ్యే యాళకు తీస్తే మోచెయ్యి కాడికే నిలిచిపోయ. నా సెయ్యే దూరనిదాంట్లో నేనెట్ల దూరేది? పాత జాకెట్టుతోనే పోతి. మా వొదిన ఇంగా నగతానే ఉండాది!"

"నువ్వు చీటీ యాల పోగొట్టుకుంటివక్కా?" అంది చాంద్ బీ.

"పోగొట్టుకుంటే పేరు సదవల్లప్పా! పెద్దచ్చరాలతో రాసిండాను గదా!"

చాంద్ బీ నా వైపు తిరిగింది. "టీచరమ్మ ఉండేప్పుడు కూడబలుక్కోనైనా సదివేది సార్. ఇప్పుడు యాల సదవడంలే?"

నేను ఫోను తీసి వజ్రం చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుండాది సార్. దీంట్లో ఏం రాసిండాదో నేనూ సదవలేను" అంది.

చూశారా ఆ అసంతృప్తి!

ఆ వారమే విద్యాశాఖ నుంచి పర్యవేక్షణకు మునిశేఖర్ గారు వచ్చారు. మంచి మనిషి, మా పిల్లల వేగం గురించి బెంగపెట్టుకున్నవారు. "కుప్పంలో ఒక బడి పిల్లోళ్లు నిమిషం యాభైకే ముగించేస్తాండారు సార్. మనం ఈడనే ఉండాము" అంటూ యాప్ తెరిచారు. ఆ రోజు బొమ్మ బదులు తెలుగు వాచకంలోని ఒక పేజీనే నలభై ఎనిమిది ముక్కలు చేసి వేశారు. జోయా లేచి వెళ్లింది. రెండు నిమిషాల మూడు సెకన్లలో పేజీ నిలబడింది. ఒక్క లైను వంకర లేదు. రంగు కాగితాలు రాలాయి.

"సూడండప్పా! పేజీకి పేజీ సదివేసింది!" అని ఆయన చప్పట్లు కొట్టారు.

ఆ ఊపులోనే సంచీలోంచి ఒక కాగితం తీశారు. 'తెలుగు బోధన సంతృప్తికరంగా సాగుతున్నది. వేరే ఉపాధ్యాయుల అవసరం లేదు' అని ఉంది. తరగతి బాధ్యుడిగా నేను సంతకం పెడితే తెలుగు పోస్టు మా బడి నుంచి పోతుంది. మళ్లీ రాదు.

నేను పెన్ను మూత తీశాను. తీసి, ఎందుకో, "జోయా, మొదటి లైను చదువమ్మా" అన్నాను.

జోయా తెర వైపు చూసింది.

"సార్, ఏ ముక్క యాడ పెట్టల్లో సెప్తాను. ఏం రాసిండాదో సెప్పలేను."

మునిశేఖర్ గారు నొచ్చుకున్నారు, నా మీద. "యాప్‌లో ఆ ప్రశ్న లేదు గదా సార్. లేనిదాన్ని అడిగి పాపను యాల ఇబ్బంది పెడతారు?"

నిజమే. నేను పెన్ను మూత పెట్టేశాను. కాగితం నా బల్ల సొరుగులో ఉంది. సంతకం ఎప్పుడని ఆయన వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తారు. కాగితం దొరకలేదంటాను. లెక్కల మాస్టరునై ఉండి అబద్ధమాడటం తప్పే.

కాబట్టి, చదువరులారా, ఇదంతా విని ఎవరైనా తొందరపడి పజిల్ తీసేయమని అర్జీ పెడతారేమో! దయచేసి ఆ పని చేయకండి. తెర ఆర్పేస్తే, ఏడో తరగతిలో ఆ గంటసేపు ముప్పై ఆరుగురు పిల్లలూ, ఎవరూ కూర్చోని ఒక కుర్చీ కనబడతాయి. కనబడితే ఎవరో ఒకరిని పంపాల్సి వస్తుంది. వచ్చిన మనిషి ఊరుకుంటుందా? జోయాను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిందో అక్కడ వేలు పెట్టి, చదవమంటుంది.

అంత ప్రమాదం మనకెందుకు?