టైగ్ ఇంత బాగా చెయ్యలేడు

శనివారం పొద్దున పదకొండింటికి టైగ్ సముద్రంలో బండ మీద కూర్చుని కేకలు పెట్టాలి. హెలికాప్టర్ వచ్చి అతన్ని ఎత్తుకుపోవాలి. డబ్లిన్ నుంచి వచ్చే అధికారి లాలర్ ఆ ప్రదర్శన చూసి మనసు మార్చుకోవాలి. నూలా వేసిన పథకం ఇంతే.

కిల్‌డొవన్ తీరానికున్న రక్షణ హెలికాప్టర్‌ను దండగ ఖర్చని తీసేస్తారట. నిరుడు అది కాపాడింది పదకొండు మందినేనట. ఆ పదకొండు మందిలో ఒకడు నూలా మొగుడు ఫిన్‌బార్. పడవ తిరగబడి నడిసముద్రంలో తేలుతున్న మనిషిని పైకి లాగి ఇంటికి తెచ్చి అప్పజెప్పింది ఆ హెలికాప్టరే. అదే లేకపోతే, ఫిన్‌బార్ చేపల వేటకు వెళ్ళిన ప్రతిరోజూ నూలా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవాలి.

పైలట్లు వారం వారం చేసే సాధనే కదా అని ఒప్పుకున్నారు. నూలా భయమల్లా ఊరివాళ్ళతోనే. ఎవరైనా ఆపదలో ఉన్నారంటే కిల్‌డొవన్‌లో కాలు నిలిచేవాడు లేడు. అందుకని చర్చి తలుపుకీ, సారాకొట్టు గోడకీ కాగితాలు అంటించింది: "టైగ్ అరిస్తే అది నటన. ఎవరూ కదలొద్దు."

టైగ్ ఇరవై ఏళ్ళుగా ఊరి నాటకాల్లో వేషాలు వేస్తున్నాడు. చచ్చిపోయిన పాత్రలో కూడా చుట్టాలెవరొచ్చారా అని ఒక కన్ను తెరిచి చూస్తాడు. ఎవరైనా ఏమన్నా అంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దీపాలు బాగాలేవంటాడు.

పదకొండయింది. లాలర్ ఒడ్డున గొడుగు కింద టీ తాగుతున్నాడు. బండ మీంచి "కాపాడండీ" అని వినిపించింది.

"ఆయన పాడుతున్నారా అమ్మా?" అన్నాడు లాలర్.

నూలా తల కొట్టుకుంది. అంతలో మంచులా చల్లటి అల ఒకటి లేచి టైగ్ నడుము దాకా ముంచింది. అప్పుడు పెట్టాడు చూడండి కేక! ఒడ్డున గొర్రెలు కూడా మేత మానేశాయి.

గోడ మీద కూర్చున్న ట్రాక్టర్ మైకో దిగ్గున లేచాడు. "నూలా, ఇది నటన కాదు."

"నటనే! కూర్చో!"

"ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నానమ్మా. టైగ్ ఇంత బాగా చెయ్యలేడు!"

మైకో ట్రాక్టర్ ఇసుకలోకి దూకింది, సగం దూరంలో ఇరుసుల దాకా కూరుకుపోయింది. చుట్టూ పోటు నీళ్ళు పెరుగుతున్నాయి. అది చూసి ఫిన్‌బార్ పడవ తోశాడు.

"నువ్వు కూడానా!" అని అరిచింది నూలా.

"మైకో మునిగిపోతుంటే గుడ్లప్పగించి చూడమంటావా?"

మైకో విసిరిన తాడు ఫిన్‌బార్‌కి అందలేదు గానీ, పడవ ఇంజను పంకాకి భేషుగ్గా చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. నూలాకి ఏడుపొచ్చేసింది. ఆమె కళ్ళు చూసి లాలర్ గొడుగు పక్కన పెట్టి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో, మీరెక్కడికి సార్!"

"కాలేజీలో ఈతలో నాకు పతకం వచ్చిందమ్మా," అంటూనే పరిగెత్తాడు. పతకం వచ్చి ముప్పై ఏళ్ళయిందట. పది బారలు ఈదేసరికి పిక్క పట్టేసి, ట్రాక్టర్ చక్రాన్ని కావలించుకున్నాడు.

హెలికాప్టర్ వచ్చింది. నూలా చేతిలోని వైర్‌లెస్ గరగరలాడింది. "నూలా, ఒక్కడే అన్నావు, ఇక్కడ నలుగురున్నారు. వీళ్ళలో నటుడెవరు?"

"ఎవరూ లేరు నాయనా, అందర్నీ ఎత్తు!"

గంట తర్వాత నలుగురూ దుప్పట్లు కప్పుకుని నూలా వంటింట్లో వేడి వేడి చేపల పులుసు తాగుతున్నారు. మొగుడు ఎదురుగా ఉన్నందుకు సంతోషించాలో, హెలికాప్టర్ పోయినట్టేనని ఏడవాలో తెలియక నూలా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నా నటన ఎలా ఉంది?" అన్నాడు టైగ్.

మైకో పులుసు గిన్నె మొహానికి అడ్డంగా ఎత్తుకున్నాడు. లాలర్ మాత్రం పళ్ళు టకటకలాడిస్తూ తడిసిన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

నెల తర్వాత డబ్లిన్ నుంచి ఉత్తరం వచ్చింది. నూలా దాన్ని భయం భయంగా విప్పి, రెండుసార్లు చదివి, ఫిన్‌బార్ మెడ చుట్టూ చేతులు వేసి భోరున ఏడ్చింది. హెలికాప్టర్ ఉంటుందట. కారణం కూడా రాశారు: "కిల్‌డొవన్‌లో సముద్రం వల్ల కలిగే ప్రమాదం తక్కువే. సాయానికి పరిగెత్తేవాళ్ళ వల్ల కలిగేది మాత్రం చాలా ఎక్కువ. ఈ కింద సంతకం చేసినవాడు కూడా వాళ్ళలో ఒకడు."